మిల్లీవోల్టుల శిల్పము

వరంగల్లు కోటకును హనుమకొండకును నడుమ, చౌరస్తాకు సమీపమున నున్న మట్టెవాడ ప్రాచీనమైన పేట. భోగేశ్వరాలయము వంటి పూర్వకాలపు గుడులును, ఇరుకైన వీధులును, వర్తకుల దుకాణములును గల ఈ పేటను నేటివారు ముఖ్యముగ ఒక కంఠము మూలమున నెరుగుదురు. ధ్వన్యనుకరణమును వీధివినోదపు స్థితినుండి లేవనెత్తి సభాగౌరవము గల కళగా నిలిపిన నేరెళ్ల వేణుమాధవ్ 1932 డిసెంబరు 28వ తేదీన జన్మించినది ఇచ్చటనే. నాయకుల కంఠములను, నటుల కంఠములను అనుకరించుటతో తృప్తి చెందక, ‘టెన్ కమాండ్‌మెంట్స్’, ‘మెకన్నాస్ గోల్డ్’ వంటి ఆంగ్లచిత్రముల నేపథ్యశబ్దములను సైతము నోటితోనే వినిపించిన ఆ కళావేత్త 1971లో ఐక్యరాజ్యసమితి యందును ప్రదర్శన మిచ్చెను. ఆయన కళను గురించి వ్రాసినవారు పలువురు గలరు. కాని, అట్టి కళ యేదైనను సభ కడపటి వరుసలోని శ్రోతకు చేరునది మైకుద్వారముననే గదా. పెదవికిని మైకునకును నడుమ నున్న జానెడు దూరములో పుట్టిన ఊర్పును, నాలుక చప్పుడును, గొంతుక గరగరను చెడగొట్టక మోసికొనిపోవలసిన పెట్టె యొకటి వేదిక ప్రక్కన బల్లమీద కూర్చుండి యుండును. గాయకుల చరిత్రలును, నటుల చరిత్రలును మనకు గలవు. ఆ పెట్టెల చరిత్రను, అందును దుకాణములో కొనక నలుగురు కూడి ఇంట కట్టుకొనిన పెట్టెల చరిత్రను, వ్రాయబూనినవారు మాత్రము అరుదు. ఈ వ్యాసము ఆ పెట్టెలలోని మొదటి గదిని గురించి, అనగా ప్రీయాంప్లిఫయరును గురించి.

ఈ యంత్రము చేయు పని చెప్పుటకు సులభము, సాధించుటకు దుర్ఘటము. మాటలాడువాని మైకునుండి వెలువడు విద్యుత్తు ఒకటి రెండు మిల్లీవోల్టులు, అనగా వోల్టులో వేయవ వంతో, రెండు వేయవ వంతులో మాత్రమే. అయస్కాంతపు పికప్పు గల రికార్డు ప్లేయరునుండి వచ్చునది ఇంచుమించు ఐదు మిల్లీవోల్టులు. టేపు రికార్డరు హెడ్డునుండి వచ్చునది ఒక్క మిల్లీవోల్టునకును తక్కువ. హారను స్పీకర్లను మ్రోగించు పెద్ద యాంప్లిఫయరు తన పని తాను చేయవలెనన్నచో దాని ముఖమున అరవోల్టునుండి ఒక వోల్టు వరకు పోయవలసియుండును. ఈ రెంటి నడుమ నున్న వందల రెట్ల అంతరమును పూరించుటయే ప్రీయాంప్లిఫయరు ధర్మము. అయినచో, పెద్ద యాంప్లిఫయరు కంటె దీనిని కట్టుటయే కష్టమనుట ఏల యని చదువరి యడుగవచ్చును. పాఖాల చెరువు తూమునొద్ద నీటిలో గలిసిన మురికి కాలువ కడకొమ్మ మడి వరకు ఎట్లు పోవునో, మొదటి వాల్వునొద్ద, అనగా విద్యుత్తును పెంచు గాజుగొట్టమునొద్ద, ధ్వనిలో గలిసిన గుంయికారము కడపటి స్పీకరు వరకు అట్లే పోవును. పోవుటయే గాక దశదశకును పెరుగుచు పోవును. పెద్ద యాంప్లిఫయరులో దొరలిన దోషము దోషముగనే యుండిపోవును, ప్రీయాంప్లిఫయరులోని దోషము మాత్రము వేయిరెట్లయి సభలో మ్రోగును. కనుకనే ఈ విద్యలో చేయి తిరిగినవానిని గుర్తింపవలెనన్న అతని యాంప్లిఫయరు ఎన్ని వాట్లదని అడుగక, పాట పెట్టకమునుపు వాల్యూము పూర్తిగ త్రిప్పి, స్పీకరునకు చెవి యొగ్గి చూచుచుండిరి. అప్పుడు ఏమియు వినబడకుండుటయే అతనికి బిరుదు.

ఈ ప్రాంతమున విద్యుద్ధ్వని ప్రవేశించినది నైజాము పాలనలో. 1935 ఫిబ్రవరి 3వ తేదీన హైదరాబాదునుండి దక్కన్ రేడియో ప్రసారములు మొదలయ్యెను. 1939 నాటికి సరూర్‌నగరునొద్ద అంతకంటె శక్తిమంతమైన ప్రసారకేంద్రము వెలసెను. సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట, 1950 ఏప్రిలు 1న, అది ఆకాశవాణిలో కలిసిపోయెను. అంతకుముందే, 1948 డిసెంబరు 1వ తేదీన, విజయవాడ కేంద్రము తెలుగున పలుకసాగెను. తపాలా కార్యాలయమున ఏటేట లైసెన్సు రుసుము చెల్లించి రేడియో నుంచుకొనుట నాడు కలవారి లక్షణము; కాని ఆ రేడియోకు చెడిపోవుట యను గుణ మొకటి గలదు, ఆ గుణమే పట్టణములలో రేడియో మెకానికు అను నూతనవృత్తిని పుట్టించెను. వాల్వు రేడియోల వెనుక రికార్డు ప్లేయరు తీగను దూర్చుటకు రెండు రంధ్రము లుండెడివి. అందు పికప్పు తీగ తగిలించినచో రేడియోలోని ధ్వనిభాగము పాటను మ్రోగించును. స్టేషను పట్టుకొను భాగము చెడి మూలబడిన రేడియోను పూర్తిగ పారవేయక, దాని ధ్వనిభాగమును మాత్రము నిలుపుకొని, రేకుపెట్టెలో బిగించి పాటలపెట్టెగా మార్చుట ఈ దేశమున పెక్కు ఇండ్లలో తొలి చేతికట్టు యాంప్లిఫయరునకు జన్మవృత్తాంతము. దానిని కట్టినవాడు తాను సృష్టి చేసితినని తలపలేదు. వృథా కానీయలేదని మాత్రము తలచెను.

రెండవ మూలము మైకుసెట్టు దుకాణము. బొంబాయిలో మోట్వానే కుటుంబమువారి చికాగో రేడియో సంస్థ కాంగ్రెసు సభలకు ధ్వనివర్ధకము లమర్చి ప్రసిద్ధి గాంచెను. నాటి నాయకుల ఛాయాచిత్రములను పరికించినచో మైకుమీద ‘చికాగో’ యను అక్షరములు నేటికిని కనబడును. 1940లో ఢిల్లీలో ఆరంభమైన అహూజా సంస్థ పేరు పిమ్మటి తరములో మైకుసెట్లవారి నోట మంత్రమయ్యెను. వరంగల్లు 1934లో ఆజంజాహీ మిల్లు వెలసిన కార్మికనగరము. ఇట, పెండ్లిండ్లకును, వినాయక నవరాత్రులకును, బతుకమ్మ దినములకును, ఎన్నికల సభలకును, కార్మికసంఘముల సభలకును మైకుసెట్టు లేక జరుగని కాలము క్రమముగ వచ్చెను. కంపెనీ యాంప్లిఫయరు వెల అధికము. అద్దె యాదాయము ఋతువులనుబట్టి వచ్చునది. అందుచేత కంపెనీ సరుకు నొకదానిని కొని, దాని లోపలి అమరికను చూచి, దానివంటిది మరియొకటి తామే కట్టుకొనుట మైకుసెట్లవారికి అనివార్యమయ్యెను. దీనిని చౌర్యమని పిలువ నాకు మనసొప్పదు. ఒక్కొక్క టంకము విప్పి చూచి, ఒక్కొక్క రెసిస్టెన్సు రంగుపట్టెలను కాగితముమీద వ్రాసికొని, ఏది యెందుకున్నదో తెలియక రాత్రులు మేలుకొనినవాడు దొంగ కాడు, విద్యార్థి.

ఈ విద్యకు గ్రంథములు లేకపోలేదు. కాని అవి ఇంగ్లండు సీమనుండి వచ్చినవి. ‘వైర్‌లెస్ వరల్డ్’ అను ఆంగ్లపత్రికలో 1947లో విలియమ్సన్ యను ఇంజనీరు ప్రకటించిన యాంప్లిఫయరు నమూనా ప్రపంచమున ఇంట కట్టుకొనువారికందరకు ప్రమాణమయ్యెను. అదే పత్రికలో 1952 అక్టోబరున పీటరు బాక్సండాల్ బాసు, ట్రెబుల్ నియంత్రణములకు సులభమైన యమరిక నొకదానిని వెల్లడించెను. నేడు మనము ఏ పెట్టెమీద ఆ రెండు మీటలను త్రిప్పినను, సాధారణముగ ఆయన యూహనే త్రిప్పుచున్నాము. 1954లో మల్లార్డు కంపెనీ తన వాల్వులను అమ్ముకొనుటకై ‘ఫైవ్-టెన్’ అను పది వాట్ల యాంప్లిఫయరు నమూనాను, దానికి తగిన ప్రీయాంప్లిఫయరు నమూనాలను, కొలతలతోడను పటములతోడను ముద్రించి పంచెను. వర్తకుడు తన లాభమునకై చేసిన పని లోకోపకారమైన సందర్భములలో దీనిని మొదట లెక్కింపవలెను. కళాశాలల గ్రంథాలయములలో నుండియు, హైదరాబాదున ఆబిడ్సులో ఆదివారము ఫుట్‌పాతుమీద పరచెడు పాతపుస్తకములలో నుండియు ఇట్టి పటములు చేతివ్రాతప్రతులై ఊరూర తిరిగెను. తెలంగాణమున గ్రంథాలయోద్యమము ప్రబలిన దినములలో, 1918లో, మట్టెవాడ యందు శబ్దానుశాసనాంధ్ర భాషానిలయము వెలసిన సంగతి చరిత్రకారు లెరిగినదే. పరాయిపాలనలో తెలుగు చదువు కొరకు చందాలు వేసికొని పుస్తకములు పోగుచేసిన ఊళ్లకు, ఒక్క పటమును పదిమంది చూచి వ్రాసికొనుట క్రొత్త యలవాటు కానేరదు.

ఇక ఉమ్మడి పని యెట్లు పుట్టినదో చెప్పవలసియున్నది. ప్రీయాంప్లిఫయరు చేతిలో నిముడునంత చిన్నదైనను, దానిని కట్టుటకు వలసిన విద్యలు ఒక్కని చేత ఉండుట అరుదు. ఆంగ్లపటమును చదివి అర్థము చెప్పగలవాడు ఏ పాఠశాల యుపాధ్యాయుడో, కళాశాల విద్యార్థియో. అతనికి టంకమువేయు కడ్డీ పట్టుట రాదు. టంకము వేయగల మెకానికునకు పటములోని లెక్క అక్కరలేదు, తీగ పోయిన త్రోవ చాలును. ట్రాన్స్‌ఫార్మరునకు రాగితీగ చుట్టలెక్క తప్పక చుట్టువాడు వేరొకడు. అతడు మోటార్లకు తీగ చుట్టి బ్రదుకువాడు. రేకును కత్తిరించి, వాల్వు దిమ్మలకు గుండ్రని రంధ్రములు తొలిచి, అంచులు మడచి ఛాసీసు చేయువాడు డబ్బాలు చేయు రేకుపనివాడు. కడపట, వీరందరికంటె సంగీతము తెలిసిన చెవి గలవాడొక డుండవలెను. అతనికి ఈ విద్యలలో ఒక్కటియు రాకపోయినను, నాలుగు రోజుల శ్రమను ‘వీణ తంత్రి సరిగ పలుకలేదు’ అను ఒక్క మాటతో త్రోసిపుచ్చు నధికారము అతనికి గలదు. ఈ మండలిలో కులమును, వయస్సును, చదువును అడుగుటకు తీరిక యుండదు. ఉపాధ్యాయుడు మెకానికును ‘అన్నా’ యని పిలుచుటయు, మెకానికు ఉపాధ్యాయుని ‘సారూ’ అనుచునే అతడు పెట్టిన టంకమును పీకివేయుటయు ఇచ్చట సహజము.

గుంయికారమును వేటాడుట ఈ విద్యలో అన్నిటికంటె రసవత్తరమైన ఘట్టము. దానిని కొంత విస్తరించి చెప్పెదను. మెకానికుల నోట దీనికి ‘హమ్ము’ అని పేరు. మన ఇండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. వాల్వులోని తంతువును వేడిచేయు 6.3 వోల్టుల తీగయు అట్లే యూగుచుండును. ఆ తీగలు రెంటిని జడవలె పెనవేసి ఛాసీసు మూలనుండి తీసికొనిపోనిచో, వాటి యూగు మొదటి వాల్వులోనికి దూకును. ఇది యొక విధమైన హమ్ము. కరెంటును ఏకముఖము చేయు భాగమునొద్ద కండెన్సరు చాలనియెడల సెకనుకు 100 మారు లూగు మరియొక హమ్ము పుట్టును. అనుభవము గలవాడు స్వరభేదమునుబట్టియే ఇది తంతువు దోషమా, కండెన్సరు దోషమా చెప్పగలడు, రెండవది మొదటిదానికి సరిగ పైస్థాయి షడ్జము గదా! ట్రాన్స్‌ఫార్మరు చుట్టు వ్యాపించు అయస్కాంతక్షేత్రము మూడవ శత్రువు. దానిని మేకులతో బిగింపకమునుపు చేతబట్టి ఇటునటు త్రిప్పుచు, ఏ దిక్కున నున్నప్పుడు హమ్ము తగ్గునో అచ్చట గీటు గీచి బిగింపవలెను. పటములలో లేని ఈ యుపాయమును ఒక చేయి ఇంకొక చేతికి అందించినది.

నాల్గవ శత్రువు ఎర్తు. తెలియనివాడు ప్రతిభాగమును తనకు దగ్గరగా నున్న రేకునకు అతికివైచును. దానివలన ఛాసీసులోనే అల్పవిద్యుత్ప్రవాహములు చుట్టుతిరిగి మిల్లీవోల్టులలో కలియును. ఎర్తు తీగలన్నియు ఒక్కచోటనే, అదియును మైకు తీగ లోనికివచ్చు చోటనే, కలియవలెనను సూత్రమునకై జరిగిన వాదములు ఈ మండలులలో ద్వైతాద్వైతములకు తీసిపోవు. రెండు పక్షములవారును ఒకే పెట్టెను విప్పి తమ మతము చొప్పున కట్టి చూపించుటయు, ఒకమారు ఒకరికి, వేరొకమారు వేరొకరికి జయము కలుగుటయు గలదు. ఏలయనగా తీగ పోయిన దారియు, పెట్టె ఆకారమును మారినప్పుడెల్ల ఫలితమును మారును.

దోషము ఏ దశలో నున్నదో కనిపెట్టుటకు వ్రేలిపరీక్ష యను పద్ధతి యుండెను. స్పీకరు వైపునుండి వెనుకకు నడచుచు, ఒక్కొక్క వాల్వు గ్రిడ్డునకు, అనగా ధ్వనివిద్యుత్తు లోనికి ప్రవేశించు కాలికి, స్క్రూడ్రైవరు మొన తాకింపగా స్పీకరులో ‘బుర్రు’ మని ధ్వని వచ్చినచో ఆ దశవరకు ప్రాణ మున్నదని యర్థము. గ్రిడ్డునకు అంగుళము దూరమున ఆనోడు మీద 250 వోల్టు లుండును. కనుక ఎడమచేయి జేబులో నుంచుకొని కుడిచేతితోనే తాకవలెనను నియమ మొకటి ఏర్పడెను. రెండు చేతులును పెట్టినచో విద్యుత్తు గుండెమీదుగ పోవును. ఈ నియమమును పాటింపని వాల్వు మెకానికు చిరకాలము మెకానికుగ నుండడు. వాల్వు మొదటిదశకు తగునో తగదో చూచుటకు పెన్సిలుతో దానిని మెల్లగ తట్టుదురు. స్పీకరులో గంట మ్రోగినట్లు వినబడినచో దానిని వెనుక దశకు పంపి, అట్లు మ్రోగనిదానిని ముందునకు తెత్తురు. ఇసిసి83 వాల్వులు నాలుగు గలవాడు వాటిని మార్చిమార్చి చూచి, వానిలో నిశ్శబ్దమైనదానిని ఎన్నుకొనును. నాలుగు వాల్వులు ఒక్కనికడ నుండుట అరుదు. నలుగురివి కలిసి నాలుగగును. ఉమ్మడితనమునకు ఇంతకంటె గట్టి ప్రమాణము నేనెరుగను.

రికార్డు ప్లేయరునకు ప్రీయాంప్లిఫయరు కట్టువానికి అదనముగ ఇంకొక శాస్త్రము తెలియవలెను. రికార్డుపై మంద్రధ్వనులను ఉన్నవి ఉన్నట్లు గీచినచో ముల్లు నడుచు గాడి ప్రక్కగాడిలో పడును. కనుక గీచునప్పుడు వానిని తగ్గింతురు. తీవ్రధ్వనులను హెచ్చించి గీతురు; వినిపించునప్పుడు తగ్గించినచో గాడి గీరుడు చప్పుడు వానితోపాటు తగ్గును. 78 చుట్ల రికార్డుల కాలమున ఒక్కొక్క కంపెనీ తన తన లెక్కను పాటించెను. 1954లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘము నిర్ణయించిన లెక్కయే క్రమముగ లోకమెల్ల వ్యాపించెను. దాని ప్రకారము, వినిపించునప్పుడు సెకనుకు 20 కంపనముల ధ్వనికిని 20,000 కంపనముల ధ్వనికిని నడుమ ఇంచుమించు 100 రెట్ల తారతమ్యము చూపవలెను. నాలుగైదు రెసిస్టెన్సులును కండెన్సర్లును సరియైన నిష్పత్తిలో నున్నచో ఈ పని నెరవేరును. కాని బజారున దొరకు రెసిస్టెన్సుమీద వెండిపట్టె యున్నచో 10 శాతము, పట్టెయే లేనిచో 20 శాతము వ్యత్యాసమునకు కంపెనీ బాధ్యత వహింపదు. స్టీరియో వచ్చిన పిమ్మట కుడియెడమ ప్రక్కలు రెండును సమానముగ నుండవలసివచ్చెను, చిక్కు ఇనుమడించెను. అందుచేత కొలిచి చూచి జతగూర్చుకొనవలెను. కొలుచుటకు పరికరము కావలెను. పరికరము కళాశాల ప్రయోగశాలలో గలదు.

వరంగల్లు ఈ విషయమున అదృష్టము గల నగరము. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగు కళాశాల దేశమున ఆ వరుసలో మొట్టమొదటిది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యయ్యెను. పట్టణమునకు ఇంజనీరింగు కళాశాల వచ్చుట యనగా భవనములు వచ్చుట మాత్రమే కాదు. సెలవుదినమున ఒక కండెన్సరు కొరకు ఊరిలోని రేడియోదుకాణమునకు వచ్చు విద్యార్థియు, తాను బాగుచేసిన సెట్టు ఎందుకు బాగుపడినదో తెలిసికొనగోరు మెకానికును ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండుటకు హేతువు కలుగును. పుస్తకము చెప్పనిది ఒకరికి, పుస్తకము మాత్రమే చెప్పగలది వేరొకరికి లభించును. మన విద్యాలయముల చరిత్రలలో ఈ పుట సాధారణముగ ఉండదు. ఉండవలెనని నా యభిప్రాయము.

ట్రాన్సిస్టరు వచ్చి ఈ కథ రూపమును మార్చెను. 1947 డిసెంబరున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఈ వస్తువు మన చేతులకు అందినది బెంగుళూరున 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సు మూలమున. తొలుత వచ్చినవి ఎసి127, ఎసి128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వీనికి మా ప్రాంతపు ఎండ పడదు. ఇంచుమించు పది డిగ్రీల వేడి హెచ్చినప్పుడెల్ల జర్మేనియంలోని వృథాప్రవాహము రెట్టింపగును. మే నెలలో నలువది డిగ్రీలు దాటు ఓరుగంటిలో, ఉదయము చక్కగ పలికిన పెట్టె మధ్యాహ్నమునకు గొంతు బొంగురుపోయి కూర్చుండును. పిమ్మట బిసి107, 108, 109లును, వాని ప్లాస్టికు రూపములైన బిసి147, 148, 149లును, అనగా సిలికాను జాతి, రాగా ఈ బాధ తొలగెను. వీనిలో తొమ్మిదితో ముగియునవి అల్పశబ్దము గలవి. ప్రీయాంప్లిఫయరు మొదటిదశకు వానినే వెదకుదురు.

అంతకంటె ముఖ్యమైన మార్పు వేరొకటి గలదు. 250 వోల్టులు పోయి తొమ్మిది వోల్టుల బ్యాటరీ వచ్చుటతో ప్రాణభయము తొలగెను. దానితో పాఠశాల పిల్లలకు ఈ మండలిలో ప్రవేశము లభించెను. 1969 జనవరిలో ఢిల్లీనుండి ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ అను మాసపత్రిక వెలువడుట మొదలై, దేశీయముగ దొరకు భాగములతో కట్టదగిన పటములు ఇంటికే రాసాగెను. పటములో నున్న భాగము వరంగల్లులో దొరకనిచో సికింద్రాబాదు రైలెక్కి కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవుదురు. ఒక్కడు పోవుచున్నాడని తెలిసినచో మిగిలినవారు చిట్టీలు వ్రాసి యిత్తురు. నూరు రెసిస్టెన్సులు కొన్నచో ఒక్కొక్కటి చవుక. ఒక్కనికి నూరు అక్కరలేదు. కనుక నలుగురు కూడి నాలుగు ప్రీయాంప్లిఫయర్లు ఒకేమారు కట్టుట లాభకరము. రాగిపూత గల పలకమీద నలుపు పెయింటుతోనో, అక్కచెల్లెండ్ర గోళ్లరంగుతోనో తీగదారులు గీచి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావకములో ముంచి ఊపుచుండగా, గీతలు లేనిచోట రాగి కరగిపోయి దారులు మాత్రము మిగులును. ఒక్క తొట్టి ద్రావకమున నాలుగు పలకలు సిద్ధమగును. చొక్కామీద పడిన ఆ ద్రావకపు తుప్పురంగు మరక ఏ సబ్బునకును లొంగదు. ఆ మరకను బట్టి ఈ వ్యసనపరుని వీధిలో గుర్తింపవచ్చును.

పిదప వచ్చిన ఘట్టమును త్వరగా దాటెదను. 1980వ దశకమున కాసెట్టు ఇంటింట చేరెను. 741, 4558 వంటి ఎనిమిది కాళ్ల ఐసీలు ఒక్కొక్కటి పది ట్రాన్సిస్టర్ల పనికంటె హెచ్చు పని చేయసాగెను. 1979 నాటి ఎన్ఇ5532 వచ్చిన పిమ్మట అల్పశబ్దమునకై వెదకులాట చాలవరకు ముగిసెను. గుజరాతీ గల్లీలో సిద్ధమైన బోర్డులు వ్రేలాడదీసి యమ్మసాగిరి. పది మీటలును, పాటకు తగినట్లు ఎగిరిపడు ఎర్రని పచ్చని దీపములును గల ఈక్వలైజర్లు పట్టణములను పట్టి పీడించెను. దీపములు ఎగిరినకొలది ధ్వని మెరుగైనదని నమ్మినవారిలో చదువుకొన్నవారును తక్కువ కాదు. నవరాత్రి పందిళ్లలో వాట్లు పెరిగినవి, వినికిడి తరిగినది. మైకుసెట్టు దుకాణమువాడు కట్టువాడుగ నుండుట మాని అద్దెకిచ్చువాడుగ మిగిలెను.

ఐనను ఈ యాచారము నశించినదనుట తొందరపాటు. వాల్వులమీద మోజు మరల పుట్టి, నేటి యువకులు కొందరు రష్యా, చైనా దేశముల క్రొత్త ఇసిసి83లు తెప్పించి ప్రీయాంప్లిఫయర్లు కట్టుచున్నారు. వాల్వు ధ్వని మృదువు, ట్రాన్సిస్టరు ధ్వని కర్కశము అని వారు చెప్పుమాటను నేను పూర్తిగ అంగీకరింపను. చక్కగ కట్టిన ఐసీ ప్రీయాంప్లిఫయరు కొలతలో వాల్వును మించును. వాల్వు మృదుత్వమని వారు మెచ్చుకొనునది చాలచోట్ల కొలువదగిన వక్రతయే. కాని, వారు కట్టుచున్నారు, ఒకరినొకరు అడుగుచున్నారు, హమ్ము వచ్చినప్పుడు నలుగురు కూర్చుండి ఎర్తు తీగను గురించి మరల అదే వాదము చేయుచున్నారు. ఐసీ వచ్చినను ఎర్తు సూత్రము మారలేదు, ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రము మారలేదు. 1983లో హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ వంటివి రేడియో అభిలాషులకు ఒక నీడ కల్పించినవి. ధ్వనియంత్రములు కట్టువారికి మాత్రము అట్టి సంస్థ గాని, వారి పనిని భద్రపరచు ప్రదర్శనశాల గాని మన నగరములలో లేవు. శాసనములకు నకళ్లు తీసితిమి, తాళపత్రములకు పట్టికలు వ్రాసితిమి. నిన్నటి తరము చేతిపనిని తుక్కు కొనువాని తూకమునకు విడిచితిమి.

ఈ వ్యాసమును చదువు ఓరుగంటివారికి ఒక మనవి. మీ ఇంటి అటకమీద తాతగారో మేనమామగారో కట్టిన రేకుపెట్టె యున్నచో, దానిని కరెంటునకు తగిలింపకుడు. ఎన్నడో ఎండిపోయిన కండెన్సర్లు ప్రేలును. దానిని తుక్కునకును వేయకుడు. అడుగు రేకు విప్పి ఒక ఛాయాచిత్రము తీయుడు. అందున్న వాల్వుల పేర్లు, ఏ సంవత్సరమున కట్టినది, ట్రాన్స్‌ఫార్మరు చుట్టినవాడెవడు, రేకు మడచినవాడెవడు, పటము ఎచ్చటనుండి వచ్చినది, ఇంటిపెద్దలు జీవించియుండగనే వారినడిగి ఒక కాగితముమీద వ్రాయుడు. వారి చేతివ్రాత పటముల పుస్తకము దొరకినచో దానికి నకలు తీయించి, వీని నన్నిటిని మీకు దగ్గరి గ్రంథాలయమున నొప్పగింపుడు.